తిరిగి వచ్చిన కారణం

సాంఘిక శాస్త్రం చెప్పడం మొదలుపెట్టిన నాటి నుంచి ఏటా ఒకసారి పిల్లలను మ్యూజియంకు తీసుకువెళ్లేదాన్ని. ఎనభై మంది పిల్లలు, ఒక గైడు, గంటన్నరలో పద్నాలుగు గదులు. బయటికి వచ్చాక ఏం చూశారని అడిగితే చాలామంది కత్తుల గురించే చెప్పేవారు. తప్పు వారిది కాదు. వెతకడానికి ఏమీ చేతికివ్వకుండా అన్ని గదులు తిప్పితే ఎవరికైనా మెరిసేవే గుర్తుంటాయి.

ఒక ఏడాది మ్యూజియం బదులు, పాత పత్రాలను భద్రపరిచే ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాశాను. ‘మా పిల్లలకు మీ సంస్థను చూపించగలరా?’ అని అడిగాను. పరిశోధకులకు మాత్రమే ప్రవేశం అంటూ రెండు వాక్యాల జవాబు వచ్చింది. వారం రోజులు ఆలోచించి మళ్లీ రాశాను. ఈసారి చూపించమని అడగలేదు. ‘ఎనిమిదో తరగతి, ముప్పై మంది. పాత రోజుల్లో బడి ఎలా ఉండేదో తెలుసుకోవాలని ఉంది. అందుకు పనికివచ్చే ఒక్క పత్రం మీ దగ్గర ఉంటుందా?’ అని రాశాను. నాలుగో రోజున ఆర్కైవిస్టే ఫోను చేశారు. “టీచర్ గారూ, పిల్లల కంటే ముందు మీరు ఒకసారి రండి” అన్నారు.

ఈ దారిలో వెళ్లాలనుకునే ఉపాధ్యాయులకు నేను గట్టిగా చెప్పేది ఆ ఒక్క రోజు గురించే. సెలవు పెట్టుకునైనా వెళ్లాలి. నేను వెళ్లిన రోజు ఆర్కైవిస్టు బల్ల మీద నురగ దిండ్లు పరిచి, వాటి మీద ఒక పాత బడి అడ్మిషన్ రిజిస్టరు తెరిచారు. పెన్ను సంచిలో పెట్టేయమని పెన్సిల్ ఇచ్చారు. చేతి తొడుగులు అడిగితే వద్దన్నారు. తొడుగు వేసుకున్న వేలికి కాగితం అంచు తెలియదని, చింపే ప్రమాదం ఎక్కువని, కడిగి పొడిగా తుడుచుకున్న చేతులే మేలని చెప్పారు. తొడుగులు ఫొటోలకు, లోహపు వస్తువులకేనట. గదిలో దీపాలు మసకగా ఉన్నాయి. పాత కాగితం, బట్ట మీద 50 లక్సులకు (లక్సు అంటే వెలుతురు కొలత) మించి వెలుతురు పడనివ్వరని అప్పుడే తెలిసింది. అక్షరాలు కొన్నిచోట్ల గోధుమరంగుకు తిరిగి, గీత బరువుగా పడిన చోట కాగితమే చిల్లులు పడింది. మాచికాయ, అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపి చేసిన సిరా కాలం గడిచేకొద్దీ తను రాసిన కాగితాన్నే తినేస్తుందని ఆమె వివరించారు. అంతకు ముందు రోజు వరకు నాకు ఇవన్నీ అడ్డంకుల జాబితాలా కనిపించేవి. ఆ చిల్లులు చూశాక ఒక్కో నియమం వెనుక ఉన్న భయం అర్థమైంది.

అసలు పత్రాన్నే బడికి తెప్పించలేమా అని మా ప్రధానోపాధ్యాయుడు అడిగారు. ఆ ఆలోచన కొత్తది కాదని ఆర్కైవిస్టు చెప్పారు. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో 1905 నుంచే పాఠశాలల మ్యూజియం ఒకటి గుర్రపు బండ్లలో వస్తువుల పెట్టెలను బడులకు పంపేది. 1909లో నువార్క్ మ్యూజియం స్థాపించిన జాన్ కాటన్ డానా కూడా వస్తువులను బడులకు అరువిచ్చే పద్ధతిని పెంచారు. కానీ ఈ రిజిస్టరు అంత గట్టిది కాదు. అందుకని ఆరు పేజీల నకళ్లు తరగతికి, అసలు రిజిస్టరు ఆర్కైవ్స్‌లోనే పదిహేను మంది చొప్పున రెండు జట్లకు అని నిర్ణయించుకున్నాం.

తరగతిలో నకళ్లు పంచిన రోజు నాకు అన్నింటికంటే కష్టమైంది మౌనంగా ఉండడం. చిత్రాలు చూడడం నేర్పేందుకు అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ రూపొందించిన పద్ధతిలో మూడే ప్రశ్నలు ఉంటాయి. ఇందులో ఏం జరుగుతోంది? అలా అనడానికి నీకు ఏం కనిపించింది? ఇంకా ఏం కనిపిస్తోంది? టీచరు సమాచారం అందించకూడదు. పిల్లలు చెప్పినదాన్ని మరోలా చెప్పి, ఒకరి మాటను ఇంకొకరి మాటతో కలపాలి. మేము దాన్ని పత్రానికి వాడుకున్నాం. జవాబు నాలుక చివర ఉన్నా ఆపుకున్నాను.

పేజీలో వరుసగా గడులు: పేరు, తండ్రి వృత్తి, వయసు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ, చివర ‘వెళ్లిన కారణం’. ఎక్కువ చోట్ల ఊరు మారారని ఉంది, కొన్నిచోట్ల జ్వరమని. ఒక అబ్బాయి పేరు మూడుసార్లు వస్తోందని వెనుక బల్లలో కూర్చునే అమ్మాయి పట్టుకుంది. మూడుసార్లూ అదే నెలలో బడి మానేశాడు, మూడుసార్లూ కారణం ‘పొలం పనులు’. తరగతి అంతా ఆ పేరు చుట్టూ చేరింది. “పోయిన కారణం రాశారు కదా టీచర్, తిరిగి ఎందుకు వచ్చాడో రాయడానికి గడి ఎందుకు లేదు?” అని అడిగింది ఆ అమ్మాయి. ఇన్నేళ్లలో నా తరగతిలో ఇలాంటి ప్రశ్న వినలేదు. ఆ రోజు పాఠం అక్కడే ఆపేశాను.

రెండు వారాల తర్వాత అసలు రిజిస్టరు ముందు నిలబడ్డప్పుడు ఎవరికీ ఏమీ చూపించనవసరం లేకపోయింది. ఆ అబ్బాయి పేరున్న పేజీ వారే అడిగి తీయించుకున్నారు. మూడో ప్రవేశం దగ్గర సిరా మరక ఒకటి ఉంది, నకలులో అది నీడలా పడడంతో మరకని తెలియలేదు. దాని గురించే పావుగంట మాట్లాడారు.

తర్వాతి కాలపు రిజిస్టరు కావాలని పిల్లలు అడిగితే ఆర్కైవిస్టు కుదరదన్నారు. అందులోని వారు ఇంకా బతికి ఉండవచ్చు. జనాభా లెక్కల పత్రాలను అమెరికా 72 ఏళ్లు, బ్రిటన్ 100 ఏళ్లు ఎందుకు మూసి ఉంచుతాయో చెప్పి, మీ మార్కులు ఎవరైనా చదివితే ఎలా ఉంటుందని అడిగారు. పిల్లలు వెంటనే ఒప్పుకున్నారు.

ఇందులో ఆర్కైవ్స్‌కు ఏం ఒరిగిందన్నది నన్ను చాలా రోజులు వేధించింది. ఇచ్చేది వారు, పుచ్చుకునేది మేము అయితే అది రెండో ఏటికే ఆగిపోతుంది. ఆమెనే అడిగాను. ఆ రిజిస్టరులో ఏ పేరు ఏ పేజీలో ఉందో చెప్పే సూచిక లేదని, తయారు చేసే మనుషులు లేరని చెప్పారు. ఆ పని మేము తీసుకున్నాం. ఒక్కో పేజీని ఇద్దరు విడివిడిగా చదివి ఎత్తిరాస్తారు, తేడా వచ్చిన చోట మూడో వారు చూస్తారు, చివరికి ఆమె సరిచూస్తారు. మొదటి పేజీలోనే పదకొండు తప్పులు వచ్చాయి. ఎనిమిదో పేజీకి రెండుకు తగ్గాయి.

అప్పుడే ఒక పేజీ ఒప్పందం కూడా రాసుకున్నాం. ఎంతమంది, ఎప్పుడు, పత్రానికి బాధ్యత ఎవరిది, పిల్లల ఫొటోలు ఎక్కడ వాడవచ్చు, సూచికలో వారి పేర్లు ఎలా వేయాలి. అది రాయడం అనవసరపు లాంఛనమని నాకు అనిపించింది. మరుసటి ఏడాది ఆమె బదిలీ అయ్యారు. కొత్తగా వచ్చిన ఆయనకు మేమెవరమో తెలియదు. ఫైలులో ఆ కాగితం చూసి ఆయనే నాకు ఫోను చేశారు, “పిల్లలు ఎప్పుడు వస్తున్నారండి?” అని.

సూచికలో పిల్లలు చివర ఒక గడి అదనంగా గీశారు: ‘తిరిగి చేరారా?’ అసలు రిజిస్టరులో లేనిది చేర్చవచ్చా అని నేను సందేహిస్తే, పాత ఆర్కైవిస్టు దాన్ని వేరే రంగు పెన్సిల్‌తో ఉంచమన్నారు. ఇప్పటికి 40 పేజీలు పూర్తయ్యాయి. ఈ ఏటి తరగతి 41వ పేజీ నుంచి మొదలుపెడుతుంది.