సీబీపీలో తెల్లకణాలు పెరిగితే స్లైడు ఎట్లా చూస్తాను: నా అనుభవం

పత్తి ఏరే రోజులొస్తే మా హన్మకొండ ల్యాబుకు పరకాల, నర్సంపేట వైపు నుంచి కాలికి గుడ్డ చుట్టుకొని వచ్చేవాళ్లు ఎక్కువవుతారు. తుమ్మముల్లు దిగింది, మర్నాటికి పాదం వాచింది, మూడో రోజు గజ్జల్లో బిళ్ల కట్టింది, జ్వరం. డాక్టరు సీబీపీ (రక్తకణాలను లెక్కపెట్టే పరీక్ష) రాస్తారు. మెషీన్ తెల్లకణాలు 16,800 అని చూపిస్తుంది. ఉండాల్సింది 4,000 నుంచి 11,000. అంతటితో రిపోర్టు ప్రింటు తీసి ఇచ్చేయొచ్చు. నేను ఇవ్వను. ఇలాంటివాళ్లలో ఆ అంకె ఎక్కువగా రెండు రకాలుగా పెరుగుతుంది, ఏ రకమో తేల్చేది గాజుపలక మీద రక్తం పరిచి మైక్రోస్కోపులో చూసే స్లైడే.

ముల్లుతోపాటు బ్యాక్టీరియా లోపలికి వెళ్లగానే, అక్కడి కణజాలంలో ముందునుంచే కాపురమున్న మాక్రోఫేజులు అనే కాపలా కణాలు దాన్ని పసిగడతాయి. అవి వదిలే టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే సంకేత రసాయనాల వల్ల రక్తనాళాలు వెడల్పవుతాయి, నాళం లోపలి గోడ జిగురుగా మారుతుంది. రక్తంలో పోతున్న న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఆ గోడను పట్టుకొని దొర్లి, ఆగి, సందుల్లోంచి బయటికి దూరి బ్యాక్టీరియాను మింగుతాయి. ఎరుపు, వేడి, వాపు, నొప్పి అన్నీ ఇందులోంచే. చచ్చిన న్యూట్రోఫిల్సే చీములో ఎక్కువ భాగం. 1882లో రష్యన్ శాస్త్రవేత్త మెచ్నికాఫ్ ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లకు గులాబీ ముల్లు గుచ్చి, తెల్లారేసరికి దాని చుట్టూ కణాలు మూగడం చూశాడు. 1908లో నోబెల్ వచ్చింది. పాదంలో తుమ్మముల్లు దిగిన ప్రతిసారీ జరిగేది అదే.

ఇక స్లైడు. రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, ఎనిమిదిసార్లు మెల్లగా తలకిందులు చేస్తాను. రెండు గంటల్లోపే స్మియర్ వేయాలి, అంటే రక్తపు చుక్కను స్లైడు మీద పలచగా పరవాలి. ఆలస్యమైతే ఈడీటీఏకే న్యూట్రోఫిల్స్‌లో బుడగలు పడతాయి, ఇన్ఫెక్షన్ అని పొరపడతాం. చుక్క ఆవగింజ కంటే కాస్త పెద్దదుంటే చాలు. చుక్కను పరిచే రెండో గాజుపలకను (స్ప్రెడర్) 30 నుంచి 45 డిగ్రీల వాలులో పెట్టి ఒక్క ఊపున తోయాలి. మెల్లగా తోస్తే న్యూట్రోఫిల్స్ అంచులకూ తోకకూ కొట్టుకుపోయి, మధ్యలో మరో రకం తెల్లకణాలైన లింఫోసైట్లు మిగిలి లెక్క తప్పుతుంది. రక్తహీనత ఉన్నవాళ్ల రక్తం పలచన, వాలు కొంచెం పెంచాలి.

కణాలకు రంగు పట్టించే లీష్‌మన్ స్టెయిన్ 8 నుంచి 10 చుక్కలు, 2 నిమిషాలు. తర్వాత దానికి రెట్టింపు బఫర్ నీళ్లు, పీహెచ్ 6.8, ఇంకో 8 నుంచి 10 నిమిషాలు. బోరు నీళ్లు వాడితే స్లైడంతా నీలం తిరుగుతుంది. మే నెల ఎండల్లో రెండు నిమిషాలు కాకముందే స్టెయిన్ ఆరి రంగు పొడి రాలుతుంది. కడిగేటప్పుడు స్టెయిన్‌ను వంపేయకుండా, నీళ్లు పోసి పైకి తేల్చాలి. లేకపోతే ఆ మడ్డి అంతా కణాల మీద కూర్చుంటుంది.

ఆయిల్ చుక్క వేసి 100ఎక్స్ లెన్సుతో, నాగటి సాలులా మూడు ఫీల్డులు లోపలికి, రెండు పక్కకు, మళ్లీ మూడు వెనక్కి జరుపుతూ వంద కణాలు లెక్కపెడతాను. ముదిరిన న్యూట్రోఫిల్ కేంద్రకం సన్నటి దారంతో అతికిన మూడు నాలుగు ముద్దల్లా ఉంటుంది. ఇంకా ముదరని న్యూట్రోఫిల్ అయిన బ్యాండు కణంలో ముద్దలు విడిపోవు, లాడంలా వంగి ఉంటుంది. వందలో బ్యాండ్లు సాధారణంగా 5 దాటవు. ఆ తుమ్మముల్లు స్లైడులో ముదిరినవి 70, బ్యాండ్లు 14, లింఫోసైట్లు 13, మోనోసైట్లు 3, ఈసినోఫిల్స్ సున్నా (ఇవీ తెల్లకణాల్లో రకాలే). బ్యాండ్లలో ముదురు ఊదారంగు మోటు గుళికలు, ఒకట్రెండింట్లో అంచున లేత నీలం మచ్చ. మూలుగ కణాలను పూర్తిగా ముదరనివ్వకుండా తొందరపడి పంపిందని ఇవి చెబుతాయి. గుళికలా, రంగు పొడా అని అనుమానం వస్తే పక్కనున్న ఎర్రకణాలు చూస్తాను. పొడైతే వాటి మీదా ఉంటుంది.

ఇదే 16,800 ఇంకో రకంగానూ వస్తుంది. అందుకే రక్తం తీసేముందు అడుగుతాను: "బాపూ, ఊళ్లె సూదేమన్న ఏసుకున్నవా?"

"రెండేసిండు బిడ్డా, వాపు దిగుతదన్నడు."

అది డెక్సా (డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) అయితే, నాళాల గోడకు అంటుకొని ఉన్న న్యూట్రోఫిల్స్ ఊడి ప్రవాహంలో కలుస్తాయి. కొన్ని గంటల్లోనే కౌంటు పెరుగుతుంది. మెషీన్‌కు రెండూ ఒకటే. కానీ గోడను పట్టుకోలేని కణం పాదానికి చేరదు. రక్తంలో ఎక్కువ, పుండు దగ్గర తక్కువ. నొప్పి, జ్వరం తగ్గి మనిషి పొలానికి పోతాడు, లోపల చీము పాకుతుంది. షుగరు ఉన్నవాళ్లకైతే వేళ్లు తీసేదాకా రావచ్చు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. డెక్సా ఒక్కటే కారణమైతే స్లైడులో బ్యాండ్లు పెద్దగా పెరగవు, మోటు గుళికలు కనిపించవు. ఈసినోఫిల్స్ మాత్రం రెండింటిలోనూ మాయమవుతాయి, వాటిని చూసి తేల్చకూడదు. రిమార్కులో బ్యాండ్ల శాతం, గుళికల సంగతి, సూది వేసుకున్న రోజు మూడూ రాసి డాక్టరుకు ఫోన్ చేస్తాను.

ఆ తుమ్మముల్లు పెద్దాయనకు చీము తీసి, యాంటీబయోటిక్ మొదలుపెట్టిన నాలుగో రోజు మళ్లీ స్మియర్ వేశాను. బ్యాండ్లు 4. గుళికలు సన్నబడ్డాయి. చెత్త ఎత్తిపోసే మోనోసైట్లు 9కి పెరిగాయి. మొదటి స్లైడులో వంద కణాలు వెతికినా దొరకని ఈసినోఫిల్ ఈసారి ఇరవయ్యో కణానికే ఎదురైంది, నారింజ గుళికలు నిండుగా.