150 ఉంది సార్

"తెలియకపోతే తెలియదని చెప్పు. ఊహించి చెప్పొద్దు."

మలేసియాలో ఒక గోల్ఫ్ టోర్నమెంటులో, శుక్రవారం మధ్యాహ్నం, 17వ హోల్ దగ్గర మా ఆటగాడు నాతో అన్న మాట ఇది. గట్టిగా కూడా అనలేదు. సీజన్ అయిపోయి ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదలడం లేదు.

గోల్కొండ కోట పక్క గోల్ఫ్ కోర్సులో పన్నెండేళ్లు క్యాడీగా, అంటే ఆటగాడి బ్యాగు మోస్తూ దూరాలు చెప్పే మనిషిగా చేశాను. హైదరాబాద్‌లో ఆడడానికి వచ్చిన ఒక ఆస్ట్రేలియా ఆటగాడు నా పని నచ్చి, ఆసియన్ డెవలప్‌మెంట్ టూర్ అనే టోర్నమెంట్ల వరుసకి తనతో రమ్మన్నాడు. పెద్ద ఆసియన్ టూర్‌కి అది కింది మెట్టు. రెండు రోజుల ఆట తర్వాత కట్ దాటకపోతే, అంటే మిగతా రోజులు ఆడేవాళ్లలో చోటు దక్కకపోతే, ఆటగాడికి ప్రైజ్ మనీలో పైసా రాదు. టికెట్లు, హోటలు, నా వారం జీతం అన్నీ ఆయన జేబులోంచే.

ఆ రోజు బంతి చెట్ల అవతల పడింది. మా దగ్గరున్న యార్డేజి పుస్తకంలో, అంటే కోర్సులో దూరాలు రాసి ఉండే పుస్తకంలో, ఆ చోటికి లెక్క లేదు. పక్కన ఒక పాత గుర్తురాయి మీద 150 అని ఉంది. "150 ఉంది సార్" అన్నాను. యార్డులా, మీటర్లా అని అనుమానం వచ్చింది కానీ నోరు తెరవలేదు. అవి మీటర్లు. అంటే 164 యార్డులు. 150 యార్డులనుకుని కొట్టిన బంతి గ్రీన్ (గుంత ఉండే నున్నటి గడ్డి) ముందున్న నీళ్లలో పడింది. ఒక్క స్ట్రోకుతో కట్ పోయింది. ఆ సాయంత్రం నా జీతం మాత్రం పూర్తిగా చేతిలో పెట్టాడు.

తప్పు నాదే. కానీ నేను అబద్ధాలు చెప్పే మనిషిని కాను. మన దగ్గర "ఎంతుంది?" అని అడిగితే వెంటనే చెప్పాలి. తెలీదంటే "ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నావు?" అంటారు. అక్కడ నాకు ప్రతి అడుగూ తెలుసు కాబట్టి చెప్పింది తప్పయ్యేది కాదు. షాట్ పాడైతే "పర్లేదు సార్, గాలి కొట్టింది" అంటాం. పిల్లాడు కింద పడితే "చీమ చచ్చిపోయింది చూడు" అనమా? అది మోసమా? అవతలి మనసు కుంగిపోకుండా చూడడం కూడా బ్యాగు మోయడంలో భాగమే అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

అయితే ఆయన వైపు నుంచి కూడా ఆలోచించాను. నియమం ప్రకారం ఆట మధ్యలో ఆయన సలహా అడగగలిగే మనిషిని నేనొక్కడినే. ఆ ఒక్కడూ భయంతో మాట్లాడితే ఆయనకి ఇంకెవరున్నారు?

తర్వాత ఇంకో టోర్నమెంటులో, మబ్బు పట్టిన పూట, గ్రీన్ మీద గడ్డి ఎటు వాలిందని అడిగాడు. ఎండ ఉంటే మెరుపును బట్టి చెప్పేవాణ్ణి. గొంతు తడారిపోయింది. "తెలియడం లేదు సార్" అన్నాను. ఆయన నన్ను బంతి పడే గుంత దగ్గరికి పిలిచి, అంచు ఏ వైపు చిందరవందరగా ఉందో చూపించాడు. గడ్డి అటే పెరుగుతుందట. పన్నెండేళ్లలో నాకెవరూ చెప్పని సంగతి.

పేరు పెట్టి పిలవమని సీజనంతా అడిగాడు. అదొక్కటి మాత్రం నా వల్ల కాలేదు. విమానాశ్రయంలో కూడా "వెళ్లొస్తాను సార్" అనే చెప్పాను.