తారీఖు తప్పిన కంటి పేషెంట్లను మళ్లీ రప్పించడం: నా అనుభవం

మా కంటి ఆసుపత్రిలో ఇచ్చిన తారీఖుకు రాకుండా పోయిన గ్లాకోమా (కంటి నరం దెబ్బతిని చూపు మెల్లగా పోయే జబ్బు) పేషెంట్లను, షుగరు వల్ల కళ్లకు ముప్పు ఉన్న పేషెంట్లను మళ్లీ పిలిపించే పని ఇప్పుడే ఒక కొలిక్కి వచ్చింది.

జాబితా కంప్యూటరే ఇస్తుంది. ఇంజెక్షన్లు, లేజర్ మధ్యలో ఆపేసినవాళ్లకు, ఒంటికన్నుతో నెట్టుకొస్తున్నవాళ్లకు ముందు ఫోన్ చేయండి. కళ్లజోడు చెకప్‌లు ఆఖర్న చూసుకోవచ్చు.

కార్డు మీది నంబరు చాలాసార్లు పట్నంలో ఉన్న కొడుకుది. రెండో నంబరు ఊళ్లో ఉండే మనిషిదే అడిగి రాసుకోండి. పగలంతా పొలంలో ఉంటారు, కాబట్టి పొద్దుగూకాకే ఫోన్ చేయాలి. ఇంగ్లిషు మెసేజీలు పంపి చేతులు దులుపుకోవడం దండగ.

"ఎందుకు రాలేదమ్మా?" అంటే "వీలు కాలేదు సారూ" అంటారు, మాట అక్కడికి ఆగిపోతుంది. "చుక్కల మందు వేస్తున్నారా? సీసా ఎప్పుడు అయిపోయింది?" అని అడగండి, అసలు సంగతి బయటపడుతుంది. ఆ మందు ఊరి మెడికల్ షాపులో దొరకదు. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తే గంటల తరబడి మసక, ఒంటరిగా బస్సెక్కలేరు. తోడు వచ్చినవాళ్లదీ కలిపి రెండు కూలీలు పోతాయి. పైగా నొప్పి లేదు, బాగానే కనిపిస్తోంది. గ్లాకోమాలో చూపు అంచుల నుంచి పోతుందని, పోయింది మళ్లీ రాదని, చుక్కల మందు మిగిలిన చూపును కాపాడడానికేనని ఫోన్‌లోనే విడమరిచి చెప్పాలి. తారీఖు వాళ్లనే చెప్పమనండి. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు ఎవరూ రారు.

ఇంతా చేసి రప్పించిన మనుషులను మా ఓపీ కౌంటరు తిప్పి పంపింది! కార్డు గడువు అయిపోయింది, మళ్లీ డబ్బు కట్టమన్నారు. "ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావ్?" అని వరుసలో అందరి ముందూ గద్దించారు. లోపల డాక్టరూ అదే పాట. పెద్దవాళ్లు తలవంచుకుని బస్టాండుకు వెళ్లిపోయారు. మీటింగులోనేమో "ఫోన్లు ఇన్ని చేశారు, వచ్చినవాళ్లేరీ?" అని నన్ను నిలబెట్టి అడిగారు. కంటికి ముప్పు ఉందని తెలిసి, కూలి వదులుకుని వచ్చిన మనిషిని తిట్టే హక్కు ఎవరికీ లేదు. ఒకసారి అవమానపడి వెళ్లినవాళ్లు మళ్లీ ఫోన్ ఎత్తరు, ఊళ్లో ఇంకో నలుగురిని కూడా రానివ్వరు.

పట్టుబట్టి పద్ధతి మార్పించాను. వచ్చేవాళ్ల పేర్లు ముందురోజు సాయంత్రమే కౌంటరుకు చేరతాయి, పాత ఫైలు తీసి ఉంచుతారు. పిలిపించినవాళ్లకు కొత్త రుసుము లేదు. వాళ్లను పేరుపెట్టి పలకరించి లోపలికి తీసుకెళ్లడానికి ఒక మనిషి గేటు దగ్గరే ఉంటారు. ముందు కంటి ప్రెజర్ (కంటి లోపలి ఒత్తిడి) చూస్తారు. అవసరమైతేనే, అదీ తోడు ఉంటేనే, పాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు. ఫీల్డ్ టెస్టుకు (పక్కలకు చూపు ఎంత దూరం ఉందో చూసే పరీక్ష) ఓపిక కావాలి, అలసిపోయి వచ్చిన రోజు పెట్టొద్దు.

మళ్లీ తారీఖు మూడు నెలలకు వేస్తే మందు కూడా మూడు నెలలకు సరిపడా ఇచ్చి పంపండి. మూత తీసిన సీసా సాధారణంగా నాలుగు వారాలకు మించి వాడకూడదు. లటానోప్రోస్ట్ లాంటి కొన్ని గ్లాకోమా చుక్కల మందులు చాలావరకు మూత తీసేదాకా ఫ్రిజ్‌లో ఉండాలి. ఇంట్లో ఫ్రిజ్ ఉందో లేదో అడిగాకే రాయమని డాక్టరుకు చెప్పండి.