వెలుపటివారి సాక్ష్యము

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం సాక్ష్యాలకు కొంత సమయం కేటాయిస్తారు. రెండో పాట ముగియగానే పాస్టరు గారు సైగ చేస్తే, ఒకరు జ్వరం తగ్గిన సంగతి, మరొకరు కొడుక్కి ఉద్యోగం దొరికిన సంగతి, ఇంకొకరు ఎన్నాళ్ళుగానో పీడిస్తున్న అప్పు తీరిన సంగతి చెప్పి, కళ్ళు తుడుచుకుని కూర్చుంటారు. ఆ సాక్ష్యాలు విని బలం పొందినవాళ్ళలో నేనూ ఒకణ్ణి కనుక వాటిని తక్కువ చేసి మాట్లాడలేను. అయితే ఈ మధ్య తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం చదువుతూ, ఎన్నోసార్లు దాటిపోయిన ఒక మాట దగ్గర ఆగిపోయాను. సంఘానికి అధ్యక్షుడు కాబోయేవాడు "సంఘమునకు వెలుపటివారిచేత మంచి సాక్ష్యము" పొందినవాడై ఉండాలని పౌలు అంటాడు. అంటే ఇక్కడ నోరు విప్పి సాక్ష్యం చెప్పేది బయటివాళ్ళు. పౌలు ఈ మాట అధ్యక్షుణ్ణి గురించే చెప్పినా, సంఘం మొత్తానికీ దీన్ని వర్తింపజేసి చూసుకోవాలని నాకు గట్టిగా అనిపించింది. మా మందిరం ఉన్న వీధిలోని ముప్పై ఇళ్ళవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగితే మా గురించి ఏం చెబుతారు?

మాది ఒంగోలుకు దగ్గరలోని ఊరు. ఈ ప్రాంతపు క్రైస్తవులం ఈ ప్రశ్న వేసుకున్నప్పుడు 1876–78 నాటి కరవును తలచుకోకుండా ఉండలేము. అప్పటికి పదేళ్ళుగా ఒంగోలులో ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ, ఇక్కడికి రాకముందు సర్వేయరుగా పనిచేసినవాడు. ప్రజలు తిండిలేక రాలిపోతున్న ఆ రోజుల్లో, ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ పనిని ఆయన గుత్తకు తీసుకుని, వేలమందికి కూలి దొరికేలా చేశాడు. సువార్త చెప్పే బోధకులే అక్కడ పని చూసే మేస్త్రీలయ్యారు. పగలంతా మట్టి తవ్వినవాళ్ళకు సాయంత్రం పక్కన కూర్చుని ధైర్యం చెప్పేవాళ్ళు వాళ్ళే. సహజంగానే బాప్తిస్మం ఇమ్మని అడిగేవాళ్ళ సంఖ్య పెరిగింది. ఇక్కడే క్లౌ చేసిన పనిని నేను ఎంతో గౌరవిస్తాను: కరవు సాయం నడిచినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట అటు వచ్చినవాళ్ళకూ ఇటు సంఘానికీ అంటకూడదనుకున్నాడు. 1878లో, సాయం ముగిసింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదు, ఇళ్ళకు వెళ్ళండి అని చెప్పినప్పుడు, మాకు సాయం అక్కరలేదు, బాప్తిస్మం కావాలి అంటూ జనం బొబ్బలెక్కిన చేతులు చూపించారని ఆయన వ్రాసుకున్నాడు. ఆ సంవత్సరం జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మన ప్రసంగాల్లో ఆ 2,222 అన్న సంఖ్య తరచుగా వినబడుతుంది. దానికి ముందు ఏడాదికి పైగా గడిచిన నిరీక్షణ ఎప్పుడో గాని వినబడదు. నా మటుకు నాకు ఆ నిరీక్షణే గొప్ప సాక్ష్యం. అన్నం అన్నంగానే పెట్టి, దానికి ప్రతిఫలంగా ఏదీ, చివరికి విశ్వాసాన్ని కూడా, అడగకుండా ఉండడం ఆకలి తీర్చడం కన్నా కష్టమైన పని.

ఆ తరువాతి తరంలో దోర్నకల్ అధ్యక్షమండలంలో, అంటే ఒక బిషప్పు కిందనున్న సంఘాల ప్రాంతంలో, ఇదే సంగతి మరో రూపంలో కనిపిస్తుంది. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, బాప్తిస్మం పొందినవారి చేత, తమ చేయి తమ తలమీద పెట్టించి, సువార్తను ప్రకటింపకపోతే నాకు శ్రమ అనే పౌలు మాటను పలికించేవాడు. అలా పలికినవాళ్ళలో చాలామంది చదువురాని పాలేర్లు, కూలీలు. వాళ్ళ దగ్గర పెద్ద ప్రసంగాలేమీ లేవు. తాగుడు మానడం, శుభ్రంగా ఉండడం, పిల్లలను బడికి పంపడం, కుటుంబమంతా కలిసి ప్రార్థన చేసుకోవడం మాత్రమే ఉన్నాయి. వాళ్ళ జీవితాల్లో వచ్చిన మార్పును కళ్ళారా చూసిన పైకులాలవాళ్ళు సైతం 1920, 30లలో ఆ ప్రాంతంలో సంఘానికి చేరువయ్యారు. మాట వద్దు, మంచి పని ఒక్కటే చాలు అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అజరయ్య నోటి సాక్ష్యాన్ని ఎన్నడూ తగ్గించలేదు. కాని అక్కడ నోటి మాటకు వెనుక ఊరంతా చూస్తున్న బతుకు ఒకటి ఉంది.

మెదక్‌లో కరవు రోజుల్లో పనీ తిండీ కల్పిస్తూ పదేళ్ళు కట్టి 1924లో ప్రతిష్ఠించిన మహాదేవాలయం సంగతి చాలామందికి తెలుసు. డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం 1915లో ఆసుపత్రి మొదలుపెట్టినప్పుడు, దానికి పెద్ద మొత్తంలో ధనం ఇచ్చినవాడు నర్సాగౌడ్ అనే హిందువు. వెలుపటివారి సాక్ష్యం కొన్నిసార్లు ఇలా కూడా అందుతుంది.

ఇంత చరిత్ర ఉన్న నేలమీద ఉండి మేమెలా నడుచుకుంటున్నాం? మా మందిరం కప్పు మీద రెండు హారన్లు ఉండేవి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల కూడికలు నలభై రోజులు, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా జరుగుతాయి. పదో తరగతి పరీక్షలు కూడా ఆ రోజుల్లోనే వస్తాయి. ఒక గురువారం కూడిక ముగిశాక, ఎదురింట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ మా గేటు దగ్గరకు వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. పని మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది, జాకెట్టు భుజానికి గుచ్చిన సూది, దానికి వేలాడుతున్న ఎర్రదారం అలాగే ఉన్నాయి. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. పిల్లాడికి రేపు లెక్కల పరీక్ష. వాడు చెవుల్లో దూది పెట్టుకుని చదువుతున్నాడు" అంది. ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నాకు, ఆ సంగతి ఆవిడ వచ్చి చెప్పేదాకా తోచకపోవడం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

పెద్దల కూడికలో ఈ మాట ఎత్తితే, మైకు తగ్గిస్తే సువార్తను తగ్గించినట్టేనని ఒకరు, ఈ రోజు మైకు అంటారు, రేపు పాట అంటారు, ఎల్లుండి మందిరమే వద్దంటారు అని మరొకరు అన్నారు. వాళ్ళ భయం పూర్తిగా లేనిపోనిదని నేను అనను. ప్రార్థన కూడికలను అడ్డుకున్న సంఘటనలు మనం వింటూనే ఉన్నాం. అయినా గేటు దగ్గర నిలబడిన ఆ తల్లి సువార్తకు శత్రువు కాదు, నిద్ర చాలని పిల్లవాడి తల్లి. పాస్టరు గారు ఎవరి మాటకూ ఎదురు చెప్పకుండా మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్ను పిలిపించి రెండు హారన్లూ దింపించి, లోపల రెండు చిన్న బాక్సులు పెట్టించారు. వాక్యం వినడానికి వచ్చినవాళ్ళందరికీ వాక్యం వినబడుతూనే ఉంది. ఫలితాలు వచ్చిన రోజు ఆవిడ మా ఇంటికి వచ్చి, "పాసయ్యాడండీ" అని ఒక్క మాట చెప్పి వెళ్ళింది.

లెక్కల విషయం క్లుప్తంగానే చెబుతాను. కానుకల జమాఖర్చులు ప్రతి నెలా గేటు పక్కనున్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో వ్రాస్తున్నాం, సంఘస్థులే కాదు, దారిన పోయేవారెవరైనా చదువుకోవచ్చు. సంఘాల ఆస్తుల మీద కోర్టుల్లో నడుస్తున్న వ్యాజ్యాల గురించి బజారులో చెప్పుకునే మాటలు విన్నవారికి ఈ బోర్డు అవసరమేమిటో వివరించనక్కరలేదు.

2021 మే నెలలో మా వీధి చివరింటి పెద్దాయన కరోనాతో పోయారు. ఆయనకు పందొమ్మిదేళ్ళ కొడుకు ఒక్కడే దగ్గరున్నాడు. బంధువులు హైదరాబాదు నుంచి రాలేకపోయారు, వీధిలోవాళ్ళు తలుపులు వేసుకున్నారు. మా యౌవనస్థులు నలుగురు ఒంటినిండా కరోనా రక్షణ తొడుగులు వేసుకుని శవాన్ని శ్మశానానికి చేర్చారు. అక్కడ వాళ్ళలో ఒకడు, ఒక చిన్న ప్రార్థన చేద్దామా అని అడిగాడట. వాళ్ళలో పెద్దవాడు, "మనం మనసులో చేసుకుందాం, ఆయన కర్మ ఆయన కొడుకును చేయనిద్దాం" అన్నాడట. కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరుగుతున్న ఆ కుర్రవాడికి, ముఖానికి పెట్టుకున్న అద్దం ఆవిరి పట్టి అడుగు ఎక్కడ పడుతోందో కనిపించకపోతే, మావాడొకడు మోచేయి పట్టుకుని మూడు చుట్లూ తిప్పాడు. ఆ తరువాత పది రోజులూ మా స్త్రీల సమాజంవాళ్ళు ఆ ఇంటి అరుగు మీద రెండు పూటలా క్యారియరు పెట్టి వచ్చారు.

కొన్నాళ్ళకు సంఘంలో ఒకరు నన్ను అడిగారు: "ఇంతకీ ఆ అబ్బాయి మందిరానికి వస్తున్నాడా?" రావడం లేదు. వాడు తండ్రికి మాసికాలు, సంవత్సరీకం తన పద్ధతిలోనే పెట్టుకున్నాడు, ఇప్పుడు నెల్లూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆ ప్రశ్న అడిగినవారు మంచి మనసుతోనే అడిగారని తెలుసు, వాడు క్రీస్తును ఎరగాలని నేనూ కోరుకుంటాను, ప్రార్థిస్తాను. కాని ఆ పది రోజుల అన్నం దేనికో పెట్టిన పెట్టుబడి అయితే, అది ఆ ఇంటికి అవమానం. కరవు కాలంలో క్లౌ బాప్తిస్మాలు ఎందుకు ఆపాడో నాకు ఆ ప్రశ్న విన్న రోజున బాగా అర్థమైంది.

అన్నిటికన్నా నన్ను కలతపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. మా ఊళ్ళో మందిరాలు రెండు: ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో. బైబిలు ఒక్కటే, కీర్తనలు ఒక్కటే, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల మాత్రం వేరువేరు. సమాధుల తోటలో కూడా మధ్యన ఒక గట్టు ఉంది. ఒంగోలులో క్లౌ మొదట నడిపిన బడిలో పైకులాల పిల్లలు చదివేవారు. మాదిగ విశ్వాసులను చేర్చుకుంటే వాళ్ళు బడి మానేస్తారని తెలిసీ, లోకం తృణీకరించినవారినే దేవుడు ఏర్పరచుకున్నాడనే వాక్యాన్ని పట్టుకుని ఆయనా ఆయన భార్యా అంటరానివారి పక్షాన నిలబడ్డారు. అలా పుట్టిన సంఘానికి వారసులమైన మేము మాలో మేము గట్లు వేసుకున్నాం. ఊళ్ళో అసలు గట్టు వేసినవాళ్ళు వేరే ఉన్నారు, మమ్మల్నిద్దరినీ ఊరి బయట పెట్టిన అన్యాయం మాది కాదు, ఇది నిజం. ఆ అన్యాయాన్ని మందిరంలోకి తెచ్చుకున్నది మాత్రం మేమే.

కిందటి నెల జాకెట్టు కొలతలివ్వడానికి నా భార్య వెళితే తోడు వెళ్ళాను. మిషను ఆపి ఆవిడ అడిగింది: "మాస్టారూ, ఎప్పటినుంచో అడుగుదామనుకుంటున్నా. మీకు దేవుడు ఒక్కడే కదా, రెండు గుళ్ళెందుకు?" అందులో ఎత్తిపొడుపు లేదు, తెలియక అడిగిన మాట. మా గురించి వెలుపటివారి సాక్ష్యం అదే. ఆవిడకు నేను చెప్పగలిగిన జవాబు ఏదీ క్రీస్తు పేరుతో చెప్పదగినది కాదు, అందుకని ఊరుకున్నాను.

ఈ ఏడు కోతపండుగ రెండు సంఘాలూ కలిసి చేసుకుని, ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకుందామని ఒక ఉత్తరం వ్రాసి, రెండు సంఘాల పెద్దలకూ ఇచ్చాను. అవతలి సంఘం పాస్టరు గారు చదివి జేబులో పెట్టుకుని, ఆలోచిద్దామన్నారు. మా పెద్దల్లో ముగ్గురు సంతకం చేశారు, ఇద్దరు చేయలేదు. ఈ బుధవారం ప్రార్థన అయ్యాక ఆ ఇద్దరి ఇళ్ళకూ మళ్ళీ వెళుతున్నాను.