ఆరు శ్రుతిలో బీథోవెన్

మా అమ్మాయి వయోలా వాయిస్తుంది, వయోలిన్ లాంటిదే, కాస్త పెద్దది, కింది స్వరాలు పలుకుతుంది. వయోలిన్ అయితే సెలవులకి కాకినాడ వెళ్ళినప్పుడు అమ్మమ్మ దగ్గర కూర్చుని నాలుగు వర్ణాలు నేర్చుకుంటుందని నాకు ఆశ ఉండేది గానీ, దానికి ఆ కాస్త బొంగురు గొంతే నచ్చింది, సరే అన్నాం. ఇప్పుడు ఇక్కడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో వాళ్ళ పిల్లల ఆర్కెస్ట్రాలో బీథోవెన్ ఏడో సింఫనీ రెండో భాగం, అలెగ్రెట్టో, ప్రాక్టీస్ చేస్తున్నారు. వయోలా వాళ్ళకి ఇంత మర్యాద దొరకడం అరుదు. పాట ఎత్తుకునేదే వయోలాలు, చెలోలు, డబుల్ బేస్‌లు. తర్వాత రెండో వయోలిన్లు దాన్ని అందుకుంటే వయోలాలూ చెలోలూ కలిసి కింద ఇంకో మంచి పాట మొదలుపెడతాయి. అంతసేపూ మొదటి వయోలిన్ల వాళ్ళు ఖాళీగా కూర్చోవాల్సిందే. ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తోంది.

గొడవంతా స్పీడు దగ్గర. వాళ్ళ నాన్న వినేది ఫుర్ట్‌వెంగ్లర్ అనే కండక్టర్ 1950 రికార్డింగు, ఆ ఒక్క భాగమే పది నిమిషాల దాకా సాగుతుంది. పిల్ల వినేది కార్లోస్ క్లైబర్ అనే ఇంకో కండక్టర్ 1970ల్లో చేసింది, ఎనిమిది నిమిషాలకే అయిపోతుంది. రెండింట్లోనూ వాయించింది వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాళ్ళే, రాసిన స్వరాలూ అవే, కానీ మొదటిది వింటే శవయాత్ర, రెండోది వింటే ఎవరో గట్టి పనిమీద నడిచి వెళ్తున్నట్టు ఉంటుంది. బీథోవెనేమో 1817లో తన సింఫనీలకి మెట్రోనోమ్ (టక్ టక్ మంటూ వేగం చూపించే యంత్రం) అంకెలు అచ్చు వేయించాడు, దీనికి నిమిషానికి 76 దెబ్బలు. అంటే నడకే. పైగా అలెగ్రెట్టో అన్నాడు, కాస్త చురుగ్గా అనే కదా. ఆ సింఫనీలో అసలు విలంబంగా సాగే భాగమే లేదు. నేను పిల్ల పక్షమే.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ భాగమంతా ఒకే నడక మీద నడుస్తుంది: ఒక గురువు, రెండు లఘువులు, రెండు గురువులు. భగణం, దాని పక్కన గగం. రెండూ నాలుగేసి మాత్రలు, రెండూ కంద పద్యంలో వచ్చే గణాలే. "రాముడు రాజై, రాముడు రాజై" అని అనుకుంటూ పోతే సరిగ్గా సరిపోతుంది. 76 దగ్గర పద్యంలా నడుస్తుంది, ఇంకా నెమ్మది చేస్తే గణం విడిపోతుంది. గురువూ లఘువూ ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కించుకోని పిల్ల దీంతో ఒక్క సాయంత్రంలో పట్టేసింది.

కానీ శవయాత్ర పాటకి పట్టాభిషేకం మాటలా అని అడిగింది. ఇక్కడ మ్యూజిక్ స్కూల్లో చిన్నపిల్లలకి మొదట చెప్పేది ఇదే: డూర్ అంటే సంతోషం, మోల్ అంటే దుఃఖం. మేజర్, మైనర్‌లకి జర్మన్ పేర్లు అవి. సింఫనీ మొత్తం ఏ మేజర్, ఈ భాగం ఏ మైనర్, కాబట్టి ఏడుపు, అంతే. వీడియో కాల్‌లో మా అమ్మకి క్లైబర్‌ది వినిపించాం. అమ్మ కళ్ళు మూసుకుని, "నఠభైరవిలా ఉంది, మధ్యమధ్య కీరవాణి నిషాదం వస్తోంది" అంది. రెండూ మైనర్ స్కేళ్ళతో కలిసే రాగాలే. దుఃఖంగా లేదా అమ్మమ్మా అని ఇది. "ఏడుపెక్కడుందే ఇందులో, మంచి నడక ఉంది" అని ఆవిడ. మోల్ అమ్మమ్మా అది, అని ఇది. అప్పుడు అమ్మ "ఎందుకు పెద్దలవలె" పాడింది. త్యాగరాజు శంకరాభరణ కీర్తన, స్వరాలు లెక్కపెడితే అచ్చంగా మేజర్ స్కేలు, మాటలు చూస్తేనేమో బుద్ధి ఇవ్వలేదని రాముడితో మొర. ఇందులో సంతోషం ఎక్కడ పెట్టమంటావు అంది. పిల్ల దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

(త్యాగరాజు 1767లో పుట్టారు, బీథోవెన్ 1770లో. వియన్నాలో ఈ సింఫనీ మొదటిసారి వాయించిన 1813 డిసెంబర్‌లో త్యాగరాజు తిరువయ్యూరులో ఉన్నారు. ఆ కచేరీ హానౌ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం పెట్టింది. హానౌ మా ఫ్రాంక్‌ఫర్ట్ పక్క ఊరే. మళ్ళీ వాయించమని జనం పట్టుబట్టింది ఈ భాగాన్నే.)

తెలిసినవాళ్ళు "సరిగమలైనా దొరెమి అయినా ఒకటే కదండీ" అంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఒకటి కాదు. మనకి పాడేవాళ్ళ గొంతుని బట్టి శ్రుతి, పాశ్చాత్యులకి రాసినవాడు చెప్పిన చోటే. మధ్యలో క్లారినెట్లు, బసూన్లు ఏ మేజర్‌కి మారినప్పుడు స్కూల్లో దాన్ని వెలుగొచ్చింది అని చెప్తారు. శ్రుతి యాప్‌లో ఆరు శ్రుతి, అంటే వాళ్ళ ఏ, పెట్టుకుని వింటే షడ్జం (మన స) కదలదు, రాగమాలికలో రాగం మారినట్టు ఉంటుంది, కింద బేస్‌లు "రాముడు రాజై"ని ఆపనే ఆపవు. రెండు చెవులూ రెండు రకాలుగా వింటే విననీ, కలిపి కుట్టే పని నేను పెట్టుకోను. మొదటా చివరా గాలి వాయిద్యాలు పట్టే ఏ మైనర్ కార్డులో (ఒకేసారి మోగే స్వరాల గుంపులో) అడుగున షడ్జం కాదు, పంచమం (ప) ఉంటుంది, అందుకే ఎక్కడా కుదురుకున్నట్టు అనిపించదు. అది మాత్రం అమ్మకీ పిల్లకీ ఒకేసారి తెలిసింది, ఇద్దరూ "అయిపోలేదు" అన్నారు.

కచేరీకి వాళ్ళ టీచర్ 66 దగ్గర పెట్టారు. మధ్యలో వయోలిన్లూ వయోలాలూ ఒకదాని వెనక ఒకటి పరిగెత్తే చోటు ఉంది, సన్న స్వరాలు, 76లో చిన్నపిల్లల చేతులు తిరగవు, ఆవిడ చెప్పింది న్యాయమే. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఇంట్లో మెట్రోనోమ్ 76కే పెట్టుకుని వాయిస్తోంది, సరిగ్గా ఆ చోటికి రాగానే తడబడి, విసుక్కుని, మళ్ళీ మొదటికొస్తోంది.