టోక్యోలో చిన్న తువ్వాలు

చెల్లెలు వాళ్లు ఉండే నిషికసాయిలో దిగిన మర్నాడే ఉయెనోలోని నేషనల్ మ్యూజియంకి పరిగెత్తాను. జపాన్ చిత్రకారుడు హషిగుచి గొయో చెక్క అచ్చుల బొమ్మలు చూడాలని నా ఆశ. ఆ నెల పెట్టినవన్నీ ఇంకా పాతకాలం బొమ్మలు. వెలుతురుకి రంగులు వెలిసిపోతాయని నెలకోసారి మారుస్తుంటారట. ఉసూరుమంటూ బయటికొచ్చాను.

"దిగులుపడకక్కా, జింబోచో ఉందిగా" అంది చెల్లి. అది పాత పుస్తకాల కొట్ల పేట. ఒక కొట్టు మేడమీద ముసలాయన మా చేత చేతులు కడిగించి, రెండు అట్టల మధ్యనుంచి ఒక కాగితం తీశాడు. 1915లో వతనబె షోజబురో ప్రచురించిన గొయో బొమ్మ: చెక్క తొట్టి పక్కన స్నానం చేస్తున్న స్త్రీ. అసలుది కాదు, తర్వాతెప్పుడో మళ్లీ చెక్కి అద్దినది. అసలుది ఉందా అని చెల్లి చేత అడిగిస్తే ఆయన నవ్వి ఊరుకున్నాడు.

మన పెడనలో అచ్చుని గుడ్డమీద అద్దుతారు. ఇక్కడ రంగు పూసిన చెర్రీ చెక్కమీద కాగితం పరిచి, వెనకనుంచి బరెన్ అనే గుండ్రటి బిళ్లతో రుద్దుతారు. ఒక్కో రంగుకీ ఒక్కో చెక్క. కణతల దగ్గర జుట్టు చూస్తూ ఉండిపోయాను. వెంట్రుకకి వెంట్రుక విడిగా కనిపిస్తోంది. అంటే చెక్కినవాడు వెంట్రుకని చెక్కలేదు, దాని చుట్టూ ఉన్న చెక్కనంతా తీసేశాడు! ఇంత పనితనమున్నా గొయోకి ఆ ప్రచురణ తృప్తినివ్వలేదు. తర్వాత తనే చెక్కేవాళ్లనీ అద్దేవాళ్లనీ పెట్టుకున్నాడు. 1921లో నలభై ఏళ్లకే పోయాడు. బతికుండగా పూర్తిచేసిన అచ్చు బొమ్మలు పట్టుమని పదిహేను కూడా లేవు.

గొయో గురువు కురొద సెయికి అనే చిత్రకారుడు. 1901లో కురొద నగ్నచిత్రాన్ని ప్రదర్శనకి పెడితే పోలీసులొచ్చి నడుము కిందిభాగానికి గుడ్డ చుట్టించారు. దాన్ని 'కొషిమకి' గొడవ అంటారు. కొషిమకి అంటే లోపావడాలాంటిది. బొమ్మకి లోపావడా! 'ఎదో' కాలపు, అంటే 1868కి ముందటి, శృంగార చిత్రాల్లో దాచిందేమీ లేదు, అయినా చాలావరకు ఒంటిమీద బట్టలుండేవి. ఏ కథా లేకుండా ఒంటిని ఒంటిగా గీయడం పారిస్‌లో చదివొచ్చిన కురొదలాంటివాళ్ల వల్ల పాతుకున్న పద్ధతి. గొయో తెలివల్లా దాన్ని స్నానాల గదిలోకి తీసుకెళ్లడంలోనే ఉందనిపించింది. అక్కడ బట్టల్లేకపోతే ఎవరేమంటారు?

ముసలాయన ఇషికవ తొరజి 1934-35లో చేసిన పది నగ్నచిత్రాల వరసలోంచి ఒకటి కూడా చూపించాడు. కత్తిరించిన జుట్టు, గాఢమైన రంగులు. బాగుంది కానీ, నాకెందుకో సినిమా పోస్టర్‌లా అనిపించింది.

ఆ సాయంత్రం చెల్లి నన్ను బలవంతంగా సెంతోకి, అంటే వీధి స్నానాలశాలకి లాక్కెళ్లింది. మనిషికి 550 యెన్లు తీసుకున్నారు. ఆడవాళ్ల వైపు అందరూ నగ్నంగా, తాపీగా కబుర్లాడుకుంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. చేతిలో ఉన్నది చిన్న తువ్వాలు, ఎటు కప్పితే ఎటు తక్కువ. అది చుట్టుకునే తొట్టిలో దిగబోతుంటే చెల్లి ఆపింది. "తువ్వాలు నీళ్లలో ముంచకూడదక్కా!"

పక్కనున్న బామ్మగారు ఏదో అంటూ నా తువ్వాలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, నా నెత్తిమీద పెట్టింది.