ఫటాగ్రఫర్ అంట!

నిన్న రాత్రి కాల్‌లో అమెరికా క్లయింట్‌కి "ఫోటోగ్రాఫర్" అన్న ఒక్క మాట మూడుసార్లు చెప్పా, మూడుసార్లూ "సారీ?" అన్నాడు, చివరికి చాట్‌లో టైప్ చేస్తే "ఓ, ఫటాగ్రఫర్!" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. చిన్నప్పట్నుంచీ ఇంగ్లీష్ మీడియమే మరి.

నిద్ర పట్టక డిక్షనరీ తీశా. ఫోటోగ్రాఫ్‌లో స్ట్రెస్, అంటే మాటలో ఒక ముక్కని (సిలబుల్‌ని) నొక్కి పలకడం, మొదటి 'ఫో' మీద, ఫోటోగ్రాఫర్‌లో రెండో ముక్క 'టా' మీదకి, ఫోటోగ్రాఫిక్ అనేసరికి మూడోదైన 'గ్రా' మీదకి గెంతేస్తుంది, స్ట్రెస్ లేనివి చాలావరకు నలిగిపోయి ఉత్త 'అ' లాగా మిగుల్తాయి, అందుకే మన 'ఫో' వాడి నోట్లో 'ఫ' అయింది. చివర్లో ఇక్, షన్, ఇటీ లాంటివి తగిలితే దాదాపు ఎప్పుడూ వాటి ముందు ముక్క మీదే బరువు. ఎలెక్ట్రిక్‌లో 'లెక్', ఎలెక్ట్రిసిటీలో 'ట్రి'. నెస్, ఫుల్, మెంట్ మాత్రం బుద్ధిమంతులు, దేన్నీ కదపవు. డెవలప్‌లో 'వె' మీదున్నది డెవలప్‌మెంట్‌లోనూ అక్కడే, మనమేమో 'డె' మీద గుద్దుతాం.

ముక్కలు విడగొట్టడం మనకి కొత్తా ఏంటి, పద్యాలకి గురువు లఘువు పెట్టినోళ్లమే. కాకపోతే గురువంటే రెండు మాత్రల కాలం, ఇదేమో గొంతు బలం.

రెస్పాన్సిబిలిటీకి ఆరు ముక్కలు, బరువు నాలుగోదైన 'బి' మీద. పొద్దున బండి మీద హెల్మెట్‌లో అదే గొణుక్కుంటూ వెళ్తుంటే సిగ్నల్ దగ్గర పక్క ఆటో అన్న ఒకటే చూపు!